టాపు లోపలి గుడ్డ

మా కారు టాపు దిగదని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. టాపుని మోసే లోపలి కమానుల కీళ్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయనీ, బలవంతంగా దించితే విరిగిపోతాయనీ నాన్నగారు చెప్పేవారు. ఆ మాట అన్న వెంటనే, అది మా ఇంటికి తక్కువన్నట్టు, ఇంకో మాట కలిపేవారు. తాతగారి రోజుల్లో టాపు ఎప్పుడూ దించే ఉండేదట. ఆయన తెల్లని తలపాగా చుట్టుకుని, స్వయంగా స్టీరింగు పట్టుకుని బజారు వీధిలో వెళుతుంటే దుకాణాల వాళ్లు లేచి నిలబడేవారట. ఎండకీ వానకీ వెరవని మనిషి, నలుగురి కళ్లలో పడటానికి జంకని మనిషి. ఈ కథ చెప్పేటప్పుడు నాన్నగారు కూడా కుర్చీలో కొంచెం నిటారుగా జరిగి కూర్చునేవారు.

నాకు ఊహ తెలిసేసరికి మా ఇంట్లో ఆ కారూ ఆ కథా తప్ప చెప్పుకోదగ్గవి పెద్దగా మిగల్లేదు. భూములు కొన్ని భూపరిమితి చట్టానికి పోయాయి, కొన్ని కోర్టులకి పోయాయి, మిగిలినవి మా చిన్నతాతల పేకాటకి పోయాయి. నేను పరీక్షలు రాసి, కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం సంపాదించుకుని ఢిల్లీ వచ్చాను. ఆర్.కె. పురం క్వార్టర్లలో కాపురం ఉన్నన్నాళ్లూ కారు కోస్తాలో ఒక బంధువు గొడౌనులోనే ఉండేది. రిటైరై ఢిల్లీ పక్కనే వైశాలిలో ఫ్లాటు కొనుక్కున్నాక లారీ మీద తెప్పించాను. పాత బళ్ల మీద ఇక్కడ నియమాలు కఠినం కాబట్టి దాన్ని వింటేజ్ బండిగా నమోదు చేయించాను. ఆ పని మీద తిరిగినప్పుడు, ఉద్యోగంలో ఉండగా నా గది బయట పిలుపు కోసం వేచి ఉండే గుమస్తాల లాంటి వాళ్ల ముందు నేను నిలబడవలసి వచ్చింది. నిలబడ్డాను.

అపార్ట్‌మెంటు కింద పార్కింగులో కవరు కప్పి ఉంచిన ఆ కారుని చుట్టుపక్కల వాళ్లు ‘అంకుల్‌గారి ఖటారా’ అని, అంటే డొక్కుబండి అని, అంటారని నాకు తెలుసు. ఆఫీసులో అన్నేళ్లూ నేను ‘సౌత్ వాలే సాబ్’ని. మా ఇంటి పేరు విని గుర్తుపట్టే మనిషి ఈ నగరంలో ఒక్కడూ తగల్లేదు. అందుకే, మూడేళ్ల క్రితం చలికాలంలో ఒక పాతకార్ల సంఘం వారు తమ ప్రదర్శనకి రమ్మని పిలిచినప్పుడు నాకు కలిగిన సంతోషం నేను ఎవరికీ కనబడనివ్వలేదు. గురుగ్రామ్‌లో పెద్ద పచ్చిక మైదానం. ప్రతి కారు యజమానికీ మైకు ఇస్తారు. ఆ కారు ఎవరిదో, ఎవరు తిరిగారో యజమాని తన నోటితో చెప్పాలి. నాన్నగారి కథని నేను మొదటిసారి నలుగురిలో చెప్పబోతున్నాను. మా ఇంటి పేరు మైకులో వినపడబోతోంది. నాకు కావలసింది అదొక్కటే.

సంఘం వారు వచ్చి కారు చూసి ఒకే ఒక లోపం ఎత్తి చూపారు. టాపు లోపలి గుడ్డ చివికిపోయి, వెనక సీటు మీదికి వేలాడుతోంది. పైన ఉన్న కాన్వాసు గట్టిదే. లోపల, కూర్చున్నవాళ్ల తల మీద పరిచిన గుడ్డ మార్పించమన్నారు.

మా ఇంట్లో అప్పుడు నేనూ, మా అమ్మాయీ, మా మేనత్తా ఉండేవాళ్లం. మేనత్త నాన్నగారికి చెల్లెలు. పిల్లలు లేరు. భర్త పోయాక నా దగ్గరికి వచ్చింది. మా ఇంటి పాతతరంలో మిగిలింది ఆమె ఒక్కతే కాబట్టి ప్రదర్శనకి ఆమెని వెనక సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్లాలని నా ఆలోచన.

“నేను రాను,” అంది.

“ఒక్క పూటే కదా అత్తయ్యా. మన ఇంటి ఆడపడుచు కారులో ఉంటే ఆ శోభ వేరు.”

“శోభ కావాలంటే పూలదండ వేసుకో దానికి,” అని టీవీ వైపు తిరిగింది. ఆ కారంటే ఆమెకి మొదటి నుంచీ గిట్టదు. కిందికి దిగినా అటువైపు చూడదు. పెట్రోలు వాసన పడదేమో అనుకునేవాణ్ణి.

మాయాపురి వెనక సందులో సీట్లు కుట్టే ఉస్తాద్ ఒకతను ఉన్నాడని తెలిసి కారుని అక్కడికి చేర్చాను. ఈ-రిక్షా సీట్ల నుంచి పెళ్లిబస్సుల పరదాల దాకా అన్నీ కుడతాడు. నోరు మూతపడదు. మొదటి రోజే నాకు ‘రాజా సాబ్’ అని పేరు పెట్టేశాడు. అది గౌరవమో వెటకారమో అడిగే అలవాటు నాకు లేదు.

“రాజా సాబ్, ఈ ముసలి గుడ్డ ఎందుకు? డైమండ్ కుట్టు రెక్సిన్ వేస్తా. మధ్యలో చిన్న చిన్న లైట్లు. బటన్ నొక్కితే చుక్కలే చుక్కలు!”

“అక్కర్లేదు. ఉన్నది ఎలా ఉందో అలాగే కావాలి. అదే ఉన్ని గుడ్డ, అదే గోధుమ రంగు. ఒక్క కుట్టు తేడా రాకూడదు.”

“ఠీక్ హై జీ. పాతదే కావాలంటే పాతదే. మా ఆవిడ కూడా నన్ను అందుకే ఉంచుకుంది,” అని తన మాటకి తనే నవ్వుకున్నాడు.

నేను ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. వదిలేసి వెళ్లేంత నమ్మకం కుదరలేదు. అతను అంచుల వెంట ఉన్న పట్టీ ఊడదీశాడు. లోపలి గుడ్డకి వరసగా అడ్డంగా గొట్టాల్లాంటి కుట్లు ఉంటాయి. ఒక్కొక్క కమానూ ఒక్కొక్క గొట్టంలోంచి దూరి గుడ్డని పట్టి ఉంచుతుంది. వాటిని ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చాడు. దుమ్ము రాలింది. తడిసి ఆరిన పాత దుప్పటి వాసన వేసింది. సగం గుడ్డ కిందికి జారాక అతను పని ఆపి, తల లోపలికి పెట్టి చూశాడు.

“ఇదేంటి జీ?”

లేచి వెళ్లి చూశాను. కమానులు చెక్కవి, మడత పడే చోట ఇనుప కీళ్లు. ప్రతి కీలుకీ అడ్డంగా ఒక టేకు బద్ద పెట్టి, రెండు వైపులా మేకులు కొట్టి ఉంది. మేకుల తలలు గుడ్డని చించకుండా లోతుగా దిగగొట్టారు. శ్రద్ధగా చేసిన పని.

“కంపెనీ పని కాదు ఇది. ఎవరో వడ్రంగి చేశాడు,” అన్నాడు ఉస్తాద్. కీలు మీద గోటితో గీకాడు. “తుప్పు అన్నారు కదా? పైపైనే ఉంది. నూనె పడితే చాలు. ఈ బద్దలు లేకపోతే ఇది ఎప్పుడో దిగేది.” నా ముఖం చూసి గొంతు పెంచాడు. “లోకమంతా కారుకి బయట తాళం వేస్తుంది. మీవాళ్లు లోపల వేశారు రాజా సాబ్!”

పక్క దుకాణం వాళ్లు నవ్వారు. “మాటలు తగ్గించి పని చెయ్యి. ఎలా ఉందో అలాగే,” అన్నాను.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య బాల్కనీలో ఎండకి కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

“అత్తయ్యా, టాపు కీళ్లకి బద్దలు కొట్టి ఉన్నాయి.”

ఆమె చేతులు ఆగలేదు. “ఇంకా ఉన్నాయా?” అంది.

నేను ఎదురుగా కూర్చున్నాను. ఆమె ఇంకో కాయ ఒలిచింది. చెప్పదేమో అనుకున్నాను. తర్వాత, నా వైపు చూడకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

“మాకు ఘోషా ఉండేది కదా. ఆడవాళ్లు ఎక్కితే టాపు లేపాలి. రెండు పక్కలా తెరలు కట్టాలి. డ్రైవరు ముందుండే అద్దం కూడా పీకించేశాడు మీ తాత, వెనకాల మేం వాడికి కనపడతామని. ఇంక మాకేం కనపడేది? తల మీద ఆ గుడ్డ. ఎక్కడ మరకుందో, ఎక్కడ కుట్టు వంకర పోయిందో ఇప్పటికీ చెప్పగలను నేను. ఒకరోజు మా పిన్ని వాళ్లింట్లో వ్రతానికి వెళ్తున్నాం, అమ్మా నేనూ. కాలవ గట్టు మీద. లోపల ఉడికిపోతున్నాం. అమ్మ ఉన్నట్టుండి ‘బండాపి టాపు దించు’ అంది డ్రైవరుతో. వాడికి చెమటలు పట్టాయి. ‘దొరగారు నన్ను బతకనివ్వరమ్మా’ అన్నాడు. ‘చెప్తున్నది నేను, దించు’ అంది. దించాడు.”

“నాయనమ్మగారా?” అన్నాను. నాకు తెలిసిన నాయనమ్మ గడప దాటని మనిషి. మా ఇంటి మర్యాద అంటే ఏమిటో ఆమెని చూపించి చెప్పేవారు.

“మరి ఎవరనుకున్నావ్? తర్వాతేముంది, ఆకాశం. నేను నవ్వుతూనే ఉన్నా, పిచ్చిదానిలా. అమ్మ ముసుగు తీసేసి, తల వెనక్కి వాల్చి కూచుంది. చేలో నాట్లేసే వాళ్లు లేచి చూశారు. ఒకామె చెయ్యూపింది. అమ్మ కూడా ఊపింది. అంతే, మేం చేసిన ఘనకార్యం.”

“తాతగారికి ఎవరు చెప్పారు?”

“నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఇల్లెగిరిపోయేలా అరిచాడు, పరువు కాలవలో కలిసిందని. డ్రైవర్ని తీసేశాడు. ఆ వారంలోనే బద్దలు కొట్టించి, మళ్లీ మడత పడకుండా కొత్త గుడ్డ బిగించి కుట్టించాడు.”

“మరి ఆయన బజార్లో టాపు దించుకుని...”

“అంతకుముందు వెళ్లేవాడు, అది నిజమే. ఆ తర్వాత తనూ అందులోనే ఉడికాడు. మమ్మల్ని మూసిపెట్టడానికి తననీ మూసుకున్నాడు, ఎంత పంతమో చూడు. ఎవరైనా అడిగితే తుప్పు పట్టిందనేవాడు. అమ్మ మాత్రం మళ్లీ ఆ కారెక్కలేదు. ‘బద్దలు తీయిస్తే ఎక్కుతా’ అంది. పుట్టింట్లో వాళ్లమ్మ పోతే కూడా వెళ్లలేదు. ఆయన తీయించలేదు. ఇద్దరూ ఇద్దరే. నాకు ఆ పంతం కూడా లేదు. పెళ్లయ్యాక వైశాఖమాసం ఎండలో అందులోనే ఎక్కించి పంపించారు. ఆ కొత్త గుడ్డనే చూసుకుంటూ దారిపొడుగునా వాంతులు.”

“నాన్నగారికి ఇదంతా తెలుసా?”

“వడ్రంగిని పిలుచుకొచ్చింది ఎవరనుకున్నావ్?” అంది.

గిన్నె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, అప్పుడు నా వైపు చూసింది. “అబ్బాయ్, ఇది అక్కడ మైకులో చెప్తావా?”

నేను కింద పడ్డ బఠాణీ గింజలు ఏరసాగాను.

“చెప్పకు. అప్పుడు మీ తాత నోట నలిగింది చాలు. మా అమ్మని మళ్లీ ఎవరి నోట్లోనూ పెట్టకు. నేను పోయాక నీ ఇష్టం. అప్పుడైనా పేర్లు పెట్టకు.”

ఆ తర్వాతి రోజులు నాకు బాగా గడవలేదు. మెట్రోలో కూర్చున్నా, పార్కులో నడుస్తున్నా అదే. నాన్నగారి కథ చెప్పాలంటే, సగం అబద్ధమని తెలిసి చెప్పాలి. అత్తయ్య చెప్పింది చెప్పాలంటే ఆమెకి ఇచ్చిన మాట అడ్డం. మాట అంటే, నేను ఇస్తానని కూడా అనలేదు. కానీ మౌనంగా విన్నవాడు ఒప్పుకున్నట్టే. వెళ్లడం మానేద్దామా అంటే కార్యక్రమంలో నా పేరు అచ్చయిపోయింది. అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది నాన్నగారి సంగతి. నిటారుగా కూర్చుని ఆ కథ చెప్పేటప్పుడు ఆయనకి వడ్రంగి సుత్తి చప్పుడు గుర్తొచ్చేదా? గుర్తొచ్చినా చెప్పగలిగేవారా? లేక, చెప్పగా చెప్పగా మర్చిపోయారా? ఏది నిజమని తేలినా నాకు ఊరట లేదు.

వారం తర్వాత ఉస్తాద్ ఫోన్ చేసి పిలిచాడు. కొత్త గుడ్డ కోసి, కుట్టి, చాప మీద పరిచి ఉంచాడు. పాత గుడ్డనే నమూనాగా పెట్టి కోశాడు. అంగుళం తేడా లేదు. చక్కగా ఉంది.

“బిగించే ముందు ఒక మాట, రాజా సాబ్. మీరు ఉన్నది ఉన్నట్టే అన్నారు. ఉన్నదాంట్లో మడతకి గుడ్డ వదల్లేదు. ఇది బిగిస్తే టాపు దిగదు. దించితే కీళ్ల దగ్గర పరపరా చిరుగుతుంది. బద్దలు మళ్లీ కొట్టెయ్యనా?”

నేను ఆ గుడ్డ వైపు చూస్తూ నిలబడ్డాను. ఇంటి సంప్రదాయం చెడకూడదని, ఒక్క కుట్టు తేడా రాకూడదని పట్టుబట్టి నేను చేయించినది ఇదన్నమాట. ఆ బద్దలు ఇంకోసారి కొట్టించడానికి నేనూ ఒక మనిషిని కుదుర్చుకున్నాను.

“బద్దలు తీసెయ్యి. గుడ్డ మళ్లీ కొయ్యి. టాపు దిగాలి.”

“మొన్న ఒక్క కుట్టు తేడా రాకూడదన్నారు!”

“ఇప్పుడు రావాలంటున్నాను.”

“వాహ్! ముందే చెప్పొచ్చుగా. బట్ట దండగ, నా నడుం దండగ,” అని గొణుక్కుంటూనే మేకులు పీకడానికి పటకారు తీశాడు. ఒక్కొక్క మేకూ కీచుమంటూ వచ్చింది. రెండోసారి కోసిన గుడ్డలో కీళ్ల దగ్గర కొంత వదులు పెట్టాడు. టాపు మడిచేటప్పుడు ఆ వదులు కమానుల మధ్య నలిగిపోకుండా లోపలికి లాగడానికి సాగే పట్టీలు కుట్టాడు. మొదట వెనకవైపు బిగించి, టాపు సగం లేపి, ముందుకి వచ్చాడు. ముడతలు పోవడానికి ఆవిరి పట్టాడు. ఒకసారి దించితే ఒక మూల గుడ్డ కీలులో పడింది. తిట్టుకుని విప్పి మళ్లీ కుట్టాడు.

చివరికి టాపు పూర్తిగా దిగింది. నన్ను వెనక సీట్లో కూర్చోమన్నాడు. పైన కరెంటు తీగలు, వాటి మీద ఒక గద్ద, మిగతాదంతా బూడిద రంగు పొగమంచు. సందులో వెళ్లేవాళ్లు నన్ను చూస్తున్నారు. నాకు సంతోషం కలుగుతుందనుకున్నాను. కలగలేదు. బట్టలు సరిగా వేసుకోకుండా వీధిలో కూర్చున్నట్టుగా ఉంది. కోటు గుండీలు పెట్టుకున్నాను. “టాపు లేపు,” అన్నాను.

ఇంటికి వచ్చి అత్తయ్యతో చెప్పాను, “టాపు దిగుతుంది. బద్దలు లేవు. ఇప్పుడైనా ఒకసారి రండి.”

మా అమ్మాయికి ఈ కథేదీ తెలియదు. అది కూడా వచ్చి ఆమె భుజాలు పట్టుకుంది. “చలో నా దాదీ, ఓపెన్ కార్! ఇండియా గేట్ దాకా తిప్పుతాం. ఫుల్ హీరోయిన్ లాగా.”

అత్తయ్య దాని చెంప నిమిరి నవ్వింది. నాతో మాత్రం మెల్లగా, “బలవంతం చెయ్యకు. ఎక్కనని చెప్పే వీలు నాకు ఇన్నాళ్లకి వచ్చింది,” అంది.

ప్రదర్శనకి నేనూ అమ్మాయీ వెళ్లాం. ఎండ బాగానే కాసింది. నా ముందు ఒకాయన తమ ముత్తాత తను తెచ్చిన కారులోనే కూర్చుని పులిని కొట్టాడని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత నా పేరు పిలిచారు. మైకు పట్టుకుని తిరుగుతున్న యాంకరమ్మాయి హుషారుగా నా దగ్గరికి వచ్చింది.

“సర్, బతాయియే, ఏ రాజావారిది ఈ కారు?”

“మా తాతగారిది.”

“వావ్! టాపు దించుకుని, తలపాగా పెట్టుకుని ఊరంతా తిరిగేవారా?”

నేను కథ చెప్పకుండానే ఆ అమ్మాయి నాన్నగారి కథ అంతా అడిగేసింది. అవునంటే చాలు. చుట్టూ జనం, ఫోన్లు పైకెత్తి ఉన్నాయి. మా ఇంటి పేరు నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని పలికితే ఆ వెనకే కథ కూడా వచ్చేస్తుందని తెలిసింది.

“టాపు లోపలి గుడ్డ ఈమధ్యే మార్పించాను. ఉన్ని గుడ్డ. గోధుమ రంగు,” అన్నాను.

ఆ అమ్మాయి ఇంకేదో వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. వెనక నుంచి ఎవరో, “అంకుల్ దర్జీ హైఁ క్యా?” అన్నారు. చాలామంది నవ్వారు. నేను వీపు వంచకుండా నిలబడి మైకు తిరిగి ఇచ్చేశాను. జనం పక్క కారు దగ్గరికి జరిగారు.

దారిలో అమ్మాయి ఉండబట్టలేకపోయింది. “పాపా, యే క్యా థా? నాకు లక్షసార్లు చెప్పారు ఆ స్టోరీ. అక్కడ చెప్పాల్సింది చెప్పకుండా, గుడ్డ గురించా?” నేను రోడ్డు మీదే చూపు నిలిపాను. అలిగి ఫోన్ తీసుకుంది. ఏదో రాసుకుంటోందనుకున్నాను.

ఇంటికి చేరేసరికి దాని ఫోన్ టింగు టింగుమంటూనే ఉంది. నేను చెప్పకుండా వదిలేసింది అది రాసేసింది. తన ముత్తాత, తెల్ల తలపాగా, దించిన టాపు, లేచి నిలబడ్డ బజారు, ఎవరి కంటా పడటానికి జంకని మనిషి, చివర మా ఇంటి పేరు. కింద కారు ఫోటో, పక్కన నేను. ముక్కూ మొహం తెలియని వాళ్లు వందలమంది మెచ్చుకుంటున్నారు. నేను అన్నేళ్లుగా కోరుకున్నది అదే.

“దాదీ, వినండి, మన ఫ్యామిలీ గురించి రాశాను,” అని అత్తయ్య పక్కన మంచం మీద కూర్చుని, ఇంగ్లీషులో రాసినదాన్ని హిందీలోకీ తెలుగులోకీ మార్చుకుంటూ మొత్తం చదివి వినిపించింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆపమందామనుకున్నాను. ఆపితే ఎందుకో చెప్పాలి.

అత్తయ్య చివరిదాకా విన్నది. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

“బాగా రాశావమ్మా,” అంది దానితో. తర్వాత దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ మరుసటి ఎండాకాలంలో ఆమె పోయింది. ఎవరి పేర్లూ పెట్టకుండా ఇప్పుడు ఇది రాశాను. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది కానీ చదవడం రాదు. ఎవరైనా చదివి వినిపించాలి. రెండుసార్లు కాగితాలు పట్టుకుని దాని గది దాకా వెళ్లాను. గోడ మీద ఆ రోజు రాసినదాన్ని కారు ఫోటోతో పాటు ఫ్రేము కట్టించి పెట్టుకుంది. ఇంకా వినిపించలేదు.